సీటు మంచిదో కాదో డోన్‌లో తెలుస్తుంది

అనంతపురం నుంచి కర్నూలుకు బండి మీద పోతే దాదాపు 150 కిలోమీటర్లు. 44వ నంబరు జాతీయ రహదారి, నాలుగు వరసల రోడ్డు, పెద్దగా మలుపులు కూడా ఉండవు. చీనీ (బత్తాయి) తోటలకు డ్రిప్ వేయించే పని నాది. నెలకు రెండు మూడుసార్లు ఈ దారిన పోక తప్పదు. బస్సు దిగితే లోపలి ఊళ్ళ తోటలకు చేరడం కష్టం కాబట్టి బండి మీదే పోతాను. సీటు గురించి ఈ దారి నాకు నేర్పినంత ఏ షాపులోనూ ఎవరూ చెప్పలేదు. పామిడి దగ్గర పెన్న వంతెన దాటేదాకా ఏ సీటయినా బాగానే ఉంటుంది. గుత్తి కోట కనబడే సమయానికి కాస్త ముందుకు, కాస్త వెనక్కి జరగడం మొదలవుతుంది. డోన్‌లో టీకి ఆగినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. బండి దిగి నడుం పట్టుకుని నిలబడిపోయామంటే ఆ సీటు మనకు పనికిరాదు.

నాది ఏడేళ్ళ పాత 150 సీసీ బండి. కంపెనీ సీటులోని స్పాంజి అణిగిపోయిందని రెండేళ్ళ కిందట ఒక షాపులో మార్పించాను. షాపతను కొత్త స్పాంజి ముక్క చేతిలో పెట్టాడు. బొటనవేలితో నొక్కితే వేలు మొత్తం దిగిపోయింది. అంత మెత్తటిది వేయించుకుంటే ఇక బాధే లేదనుకున్నాను. మొదటి రెండు రోజులు టౌన్లో తిరుగుతుంటే నిజంగానే హాయిగా ఉంది. మూడో వారం కర్నూలుకు పోతే గుత్తికి ముందే తిమ్మిరి మొదలైంది. పాత సీటు మీద డోన్ దాకా ఆగే నొప్పి, డబ్బు పెట్టి కొత్తది వేయించాక అంతకంటే ముందే వచ్చింది. ఎందుకిలా అవుతుందో తెలుసుకోవాలని అప్పుడే పట్టుబట్టాను.

కూర్చున్నప్పుడు ఒంటి బరువు పిర్రల మొత్తం మీద సమానంగా పడుతుందని అనుకుంటాం. అలా పడదు. కటి ఎముక అడుగున కుడి, ఎడమ వైపుల రెండు బొడిపెలు ఉంటాయి. గట్టి బల్ల మీద నిటారుగా కూర్చుని కింద అరచేతులు పెట్టి చూడండి, గులకరాళ్ళలా తగులుతాయి. బరువులో ఎక్కువ భాగాన్ని మోసేవి ఆ రెండే. అవి ఒకేచోట నొక్కుతుంటే వాటి కిందున్న చర్మానికి, కండకు రక్తం సరిగా ఆడదు. ముందు తిమ్మిరి, తర్వాత మంట. ఇంట్లో కుర్చీలో కూర్చున్నప్పుడు మనకు తెలియకుండానే అటూ ఇటూ కదులుతుంటాం కాబట్టి ఇది తెలియదు. బండి మీద చేతులు హ్యాండిల్‌కు, కాళ్ళు ఫుట్‌రెస్టులకు అంకితం. కదలడానికి చోటు ఉండదు.

ఆ రెండు ఎముకల మధ్య భాగం ఇంకా సున్నితం. అక్కడ నరాలు, రక్తనాళాలు ఉంటాయి, అది బరువు మోయడానికి ఏర్పడింది కాదు. దాని వెనకే తోకెముక. కాబట్టి మంచి సీటు చేయాల్సిన పని ఏమిటంటే, బరువును ఎముకల కింద గట్టిగా పట్టుకోవాలి, కొంత తొడలకు పంచాలి, మధ్య భాగాన్ని వదిలేయాలి. నా మెత్తటి సీటు సరిగ్గా దీనికి ఎదురు చేసింది. ఎముకలు స్పాంజిలో దిగబడి అడుగునున్న ప్లాస్టిక్ ప్లేటుకు తగిలాయి. అవి దిగేకొద్దీ మధ్యలో ఉన్న స్పాంజి పైకి ఉబ్బి, ఒత్తిడి పడకూడని చోటనే ఒత్తింది.

ఈ మాట నాకు మొదట అర్థమయ్యేలా చెప్పింది అనంతపురంలోనే ముప్పై ఏళ్ళుగా సీట్లు కుడుతున్న ఒక పెద్దాయన. ఆయన కొట్టులో గోడకు పాత సీట్లు వేలాడుతుంటాయి, నేల మీద స్పాంజి పొడి మంచులా పరుచుకుని ఉంటుంది. ఏ స్పాంజి మెత్తగా ఉంటుంది భాయ్ అని అడుగుతూ నేను మళ్ళీ వేలితో నొక్కబోయాను. ఆయన నా చెయ్యి పక్కకు తీశాడు. "చేత్తో నొక్కితే ఏం తెలుస్తాది సార్? సీటు మీద కూర్చునేది చెయ్యి కాదు కదా" అన్నాడు. తర్వాత ఒక అట్టపెట్టె చించి, పొరలు పొరలుగా ఉండే ఆ అట్టను కొట్టు ముందున్న కడప బండ అరుగు మీద పరిచి కూర్చోమన్నాడు. కాళ్ళు కొంచెం పైకెత్తమన్నాడు. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంతలు పడ్డాయి. సుద్దముక్కతో వాటి చుట్టూ సున్నాలు గీసి, మధ్య దూరం టేపుతో కొలిచాడు. పన్నెండున్నర సెంటీమీటర్లు. సాధారణంగా ఇది 10 నుంచి 15 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది, ఆడవాళ్ళకు సగటున కాస్త ఎక్కువ. ఆ సున్నాల బయటికి రెండు వైపులా కొన్ని వేళ్ళ మేర గట్టి ఆధారం ఉంటేనే ఆ సీటు మన ఒంటికి సరిపడినట్టు. సన్నటి సీటు మీద ఎముకలు అంచుల మీదికి వచ్చేస్తే, ఎంత ఖరీదైన స్పాంజి వేసినా ఉపయోగం లేదు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. సీటు కొనే ముందు ప్రతి ఒక్కరూ చేసుకోవాలని గట్టిగా చెబుతాను.

ఇక స్పాంజి. షాపులో "32 డెన్సిటీ", "40 డెన్సిటీ" అంటుంటారు. అంకె పెరిగితే గట్టిదనుకుంటాం. డెన్సిటీ అంటే బరువు మాత్రమే: ఒక ఘనపు మీటరు స్పాంజి ఎన్ని కిలోలు తూగుతుందో ఆ లెక్క. గట్టిదనం వేరే సంగతి. ఇంత మేర నొక్కడానికి ఎంత బలం కావాలో చూసి దాన్ని కొలుస్తారు. ఎక్కువ డెన్సిటీ ఉన్న స్పాంజి మెత్తగానూ ఉండొచ్చు, తక్కువ డెన్సిటీది కొత్తలో గట్టిగానూ ఉండొచ్చు. తేడా నెలలు గడిచాక తెలుస్తుంది. తక్కువ డెన్సిటీలో గాలి ఎక్కువ, సరుకు తక్కువ. త్వరగా అణిగిపోయి మళ్ళీ లేవదు. అందుకే కూర్చుంటే ఎలా ఉందన్నదొకటి, ఎన్నాళ్ళు అలాగే ఉంటుందన్నదొకటి, రెండూ విడివిడిగా అడగాలి.

షాపువాళ్ళు చెప్పే డెన్సిటీ నిజమో కాదో చూసుకునే దారి కూడా ఉంది. పది సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉండేలా ఒక ముక్క కోయించండి. అది సరిగ్గా ఒక లీటరు ఘనపరిమాణం. దాని బరువు ఎన్ని గ్రాములుంటే డెన్సిటీ అంత. 40 డెన్సిటీ అయితే 40 గ్రాములు తూగాలి. నా పాత మెత్తటి సీటు విప్పి, పలచగా ఉన్న స్పాంజిని రెండు పొరలు కలిపి అలాంటి ముక్క చేసి, మా వీధిలోని కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టాను. 23 గ్రాములు. 40 అని చెప్పి వేసింది అదీ.

భాయ్ వేసిన పద్ధతి వేరు. అడుగున రీబాండెడ్, అంటే స్పాంజి ముక్కల్ని జిగురుతో కలిపి గట్టిగా అచ్చు వేసిన పలక. చూడ్డానికి రంగురంగుల చుక్కలతో ఉంటుంది, పరుపుల్లోనూ వాడతారు. ఇది ఎముకల్ని ప్లేటు దాకా దిగనివ్వదు. దాని మీద ఒక అంగుళం మందాన, నొక్కితే వెంటనే లేచే హెచ్ఆర్ ఫోమ్. ఎముకలు కుదురుకోవడానికి అంత మెత్తదనం చాలు. కూర్చోగానే ఈ సీటు కొంచెం గట్టిగా అనిపించింది, నిరాశపడ్డాను కూడా. రెండో గంటలో తేడా తెలిసింది.

మెత్తటి సీటు కుదుపుల్ని మింగేస్తుంది కదా అని చాలామంది అడుగుతారు. ఇక్కడ వణుకు వేరు, కుదుపు వేరు. ఇంజను 4,000 ఆర్‌పీఎం మీద తిరుగుతుంటే సెకనుకు 66 సార్లకు పైగా తిరిగినట్టు. అంత వేగమైన సన్నటి వణుకును ఏ స్పాంజి అయినా చాలావరకు తినేస్తుంది. రోడ్డు గతుకుల వల్ల వచ్చే కుదుపు నిదానమైనది, సెకనుకు కొన్నిసార్లు మాత్రమే ఊగుతుంది. మనిషి ఒళ్ళు సెకనుకు 4 నుంచి 8 సార్లు పైకీ కిందికీ ఊగే కుదుపును అన్నిటికంటే తక్కువగా తట్టుకుంటుంది. ఒంటికి తగిలే కంపనాల్ని కొలిచే ఐఎస్ఓ 2631 ప్రమాణం కూడా నిలువు కుదుపుల్లో ఈ 4 నుంచి 8 మధ్య ఉన్నవాటికే ఎక్కువ విలువ ఇస్తుంది. మందంగా, మెత్తగా ఉన్న స్పాంజి మీద మనిషి కూర్చుంటే అది కూడా ఇంచుమించు సెకనుకు 4 సార్లు ఊగే స్ప్రింగులా పనిచేస్తుంది. ఉయ్యాలను దాని ఊపుకు సరిపడేలా తోస్తే ఎక్కువ ఊగుతుంది కదా, ఇదీ అంతే. రోడ్డు ఇచ్చిన కుదుపును ఆ సీటు ఇంకాస్త పెంచి నడుముకు అందిస్తుంది.

కుదుపును ఆపాల్సింది ముందు టైరు, తర్వాత షాక్ అబ్జార్బర్లు, చివర సీటు. ఈ వరస తెలియక సీటు మీద డబ్బు పోసినవాళ్ళు చాలామంది. మన బండ్లలో చాలావాటికి వెనక స్ప్రింగును బరువుకు తగ్గట్టు బిగించుకునే మెట్లు ఉంటాయి. కొన్నప్పటి నుంచి వాటిని ఎవరూ ముట్టి ఉండరు. ఒక్కరే పోయేవాళ్ళకు మరీ బిగువుగా ఉంటే ప్రతి గతుకూ నడుముకు కొడుతుంది, ఇంటిల్లిపాదీ ఎక్కేవాళ్ళకు మరీ వదులుగా ఉంటే గుంతలో అడుగంటుతుంది. మెకానిక్ నిమిషంలో తిప్పేస్తాడు. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంతే పెట్టించండి. వెనక జేబులో పర్సు పెట్టుకుని కూర్చుంటే కటి ఒక పక్కకు ఒరిగి, తుంటి నరం మీద ఒత్తిడి పడి కాలు లాగుతుంది. జీన్స్ ప్యాంటు నాలుగు కుట్లు కలిసేచోటు సరిగ్గా మనం కూర్చునే చోటే. దూరం పోయేటప్పుడు మందపు కుట్లు లేని ప్యాంటు వేసుకుంటే సగం బాధ అక్కడే తగ్గినా ఆశ్చర్యం లేదు. ఇవన్నీ చూశాక కూడా నొప్పి ఉంటే అప్పుడు సీటు జోలికి పోవాలి.

మన ఎండల సంగతి మాట్లాడకుండా సీటు సంగతి పూర్తికాదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 40 డిగ్రీలు దాటడం మామూలే. మధ్యాహ్నం తోట గట్టున ఆపిన బండి నల్ల రెక్సిన్ మీద చెయ్యి పెట్టలేం. బయట ఊళ్ళ వాళ్ళు మెచ్చుకునే రెండు సరుకులు ఇక్కడ తేడా చేస్తాయి. ఒకటి మెమరీ ఫోమ్. వేడికి మెత్తబడడం దాని గుణం. ఎండలో గంటసేపు నిలిపిన సీటులో అది జావలా మారి ఎముకల్ని అడుగుకు వదిలేస్తుంది. రెండోది జెల్. ఒత్తిడిని బాగానే పంచుతుంది, కానీ ఎండను మింగి వేడిని చాలాసేపు దాచుకుంటుంది. నీడలో పార్కింగ్ దొరికే ఉద్యోగికి పర్లేదేమో, పొలాల వెంట తిరిగే నాలాంటివాళ్ళకు వద్దనే అంటాను. మన ఎండకు సరిపోయింది జల్లెడలా ఉండే నెట్ కవరు. రెక్సిన్‌కూ ఒంటికీ మధ్య గాలి ఆడుతుంది, చెమట ఆరుతుంది. చెమటకు నాని మెత్తబడిన చర్మం త్వరగా ఒరుసుకుపోతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. అయితే అది చల్లదనానికే. ఆకారం తప్పిన సీటును నెట్ కవరు సరిచేయలేదు.

గాలి దిండ్ల గురించి కూడా అడుగుతుంటారు. అమెరికాలో చక్రాల కుర్చీలో రోజంతా కూర్చునేవాళ్ళకు పుండ్లు పడకుండా రోహో అనే సంస్థ గాలి గదులున్న దిండ్లు చేసింది. ఎయిర్‌హాక్ పేరుతో వచ్చిన బండి దిండు ఆ పరిజ్ఞానమే. ఇప్పుడు అదే తీరువి మన దగ్గర కూడా దొరుకుతున్నాయి. కొన్నవాళ్ళలో చాలామంది చేసే తప్పు గాలి నిండా కొట్టడం. అలా చేస్తే బంతి మీద కూర్చున్నట్టు బండి మీద పట్టు పోతుంది. కూర్చున్నాక గాలి కొంచెం కొంచెంగా వదులుతూ, ఎముక కింద ఒక వేలు మందం మిగిలేదాకా తగ్గించాలి. ఏడాదికి ఒకటి రెండు దూరప్రయాణాలు చేసేవాళ్ళకు సీటు కోయించడం కంటే ఇది నయం.

ఆకారం విషయంలో నేను ఎక్కువ ఆలోచించింది ముందు భాగం గురించి. వెనక వెడల్పు, ముందు సన్నం అన్నది మంచి సూత్రం. ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు ఎడంగా పోయి, సీటు ఎత్తు అంతే ఉన్నా కాలు నేలకు అందదు. స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, క్లాసిక్ 350ది 805. కాగితం మీద తేడా రెండు సెంటీమీటర్లే. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆ తేడా ఎంత పెద్దదో పొట్టివాళ్ళకు తెలుసు. స్పాంజి మందం పెంచేటప్పుడు పెరిగే ప్రతి అంగుళం నేలకు దూరం చేస్తుంది. పొడుగువాళ్ళకు అదే అంగుళం మేలు, మోకాళ్ళు విచ్చుకుని బరువు కొంత కాళ్ళ మీదికి పోతుంది.

గుంతలా మలిచిన సీటు షాపులో చూస్తే ముచ్చటగా ఉంటుంది. అందులో ఒకసారి కుదురుకున్నాక వేరే చోటికి జరగలేం. గంట ప్రయాణానికి పర్లేదు, నాలుగు గంటలకు శిక్ష. దూరం పోయేవాళ్ళకు ఇంచుమించు చదునుగా, వెనక కాస్త ఎత్తుగా ఉన్నది మేలు. అమెరికాలో రస్సెల్ కంపెనీ చేసే డే లాంగ్ సీట్లకు దూరప్రయాణికుల్లో పేరుంది. అవి రెండు వైపులా రెక్కల్లా వెడల్పుగా ఉండి తొడల్ని కూడా మోస్తాయి. కిలోమీటర్ల కొద్దీ కాళ్ళు దించే పని లేని రోడ్లకు అది సరే. మన ఊళ్ళలో గొర్రెల మందకోసారి, ట్రాక్టరుకోసారి కాలు దించాలి, అంత రెక్కలు అడ్డమవుతాయి.

సీటు ముందుకు వాలి ఉందా అన్నది తప్పకుండా చూడాలి. కడప నుంచి రాయచోటికి పోయే గువ్వలచెరువు ఘాట్‌లో దిగుతూ బ్రేకు వేసినప్పుడల్లా ఒళ్ళు ట్యాంకు మీదికి జారుతుంటే, ఆ బరువంతా మణికట్లే మోస్తాయి. ఘాట్ దిగాక ఆగి చేతులు విదిలించుకునేవాళ్ళు ఆ తప్పు హ్యాండిల్‌ది అనుకుంటారు. చాలాసార్లు తప్పు సీటు వాలుది, నున్నటి రెక్సిన్‌ది. మరీ గరుకు కవరు కూడా వద్దు, జరగనివ్వదు.

వెనక కూర్చునేవాళ్ళను మర్చిపోయి సీటు చేయించడం మన మగవాళ్ళకు అలవాటు. నేనూ మొదటిసారి అలాగే చేయించాను. మా ఆవిడ చీరలో ఒక పక్కకు కూర్చుంటుంది. అలా కూర్చున్నప్పుడు బరువు ఎక్కువగా ఒక ఎముక మీదే పడుతుంది, సీటు అంచు తొడ కింద కోస్తుంది. ముందు వెనకల మధ్య ఎత్తు మెట్టు ఉన్న సీటయితే పక్కకు కూర్చున్న మనిషికి చోటే చాలదు. అందుకే రెండోసారి వెనక భాగం చదునుగా ఉంచి, ఎడమ అంచును గుండ్రంగా మలిపించాను. వెనక పట్టుకునే కడ్డీని స్పాంజి కప్పేయకూడదు. వెనక మనిషికి పట్టుకునేందుకు పిడి, కాలు పెట్టుకునే చోటు, బట్టలు చక్రంలో పడకుండా అడ్డు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెబుతుంది. సీటు పని చేసేటప్పుడు ఇవేవీ తీసేయనివ్వకండి. ఇద్దరు కూర్చునే సీటును ఒక్కరి సీటుగా మార్చే ఫ్యాషన్ జోలికి పోవద్దు. ఆర్సీలో రాసి ఉన్న సీట్ల సంఖ్య తేడా పడుతుంది.

కొత్తది కొనాలా, ఉన్నది మార్పించాలా? బండి కంపెనీ తనే టూరింగ్ సీటు అమ్ముతుంటే ముందు దాని మీద కూర్చుని చూడండి, లాకు, కొక్కేలు సరిగ్గా కుదురుతాయన్న భరోసా ఉంటుంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ అలా అమ్ముతుంది. బయటి కంపెనీల రెడీమేడ్ సీట్లలో నేను చూసేది అడుగు భాగం. ముందు కొక్కెం ఫ్రేములో దూరుతోందా, లాకు చప్పుడుతో పడుతోందా, ప్లేటు కింద రబ్బరు బుడిపెలు అన్నీ ఉన్నాయా, ఒత్తితే వైర్లు గానీ బ్యాటరీ గానీ నలుగుతున్నాయా. ఇనుప ప్లేటు బ్యాటరీ టెర్మినల్‌కు తగిలితే షార్టవుతుంది. మామూలు కమ్యూటర్ బండ్లకు మాత్రం మంచి చేతి పనివాడి దగ్గర మలిపించుకోవడమే సరైనదని నా అభిప్రాయం. మన ఎముకల కొలత ఏ ఫ్యాక్టరీకీ తెలియదు. అయితే ఒరిజినల్ సీటు కోయించకుండా, పాత సామాన్ల కొట్లో అదే మోడల్ సీటు ఇంకొకటి కొని దాని మీద పని చేయించండి. కుదరకపోతే వెనక్కి రావడానికి దారి ఉంటుంది. కూర్చునే చోట కుట్టు రాకుండా చూడమనండి. ఆ కుట్టు ఒత్తుతుంది, వానాకాలం దాని రంధ్రాల్లోంచే నీళ్ళు దిగి స్పాంజి నానుతుంది.

భాయ్ దగ్గర నేర్చుకున్న ఇంకొక పద్ధతి ఉంది. ఆయన మొదటి రోజే జిగురు పెట్టి కవరు బిగించడు. స్పాంజి మలిచి, పాత కవరే పైన వేసి, అడుగున నాలుగైదు పిన్నులు కొట్టి పంపిస్తాడు. "పదిరోజులు తిరిగి రాండి సార్, యాడ నొస్తాదో సుద్దతో గీసుకోని రాండి" అంటాడు. నేను ఆ పదిరోజుల్లో ఒకసారి కర్నూలు పోయొచ్చాను. పామిడి, గుత్తి దాటాను, డోన్‌లో దిగి మామూలుగా నడిచాను. కర్నూలు చేరేముందు మాత్రం కుడి తొడ లోపలి వైపు ఒరుసుకుంటున్నట్టు తెలిసింది. అక్కడే బండి ఆపి సీటు మీద గీత గీసుకున్నాను. తిరిగొచ్చాక ఆయన ఆ గీత చూసి, పిన్నులు పీకి, హ్యాక్సా బ్లేడుతో ముందు అంచున ఒక వేలు మందం చెక్కేశాడు. మళ్ళీ పిన్నులు కొట్టి, ఇంకో వారం తిరిగి రమ్మన్నాడు.